బందరు బాటయు క్రొత్త వర్తకమును

దూరము నశించినదనియు, ప్రపంచమంతయు నొక్క అంగడి యైనదనియు నేడు నలుగురు కూడినచోటనెల్ల వినవచ్చుచున్నది. కంప్యూటరు, ఇంటర్నెట్టు, సెల్‌ఫోను అను మూడు సాధనములును దేశదేశముల వర్తకమును మన వాకిటికి దెచ్చినవని పలుకువారు పలువురు. ఈ మాటలో సత్యము లేకపోలేదు. కాని సగము సత్యము సంపూర్ణసత్యమై చెలామణి యగునపుడు దానివలన నష్టపోవువారు సామాన్యజనులే. మిగిలిన సగమేదో తెలిసికొనుటకు మనము లండనునకు గాని న్యూయార్కునకు గాని పోనక్కరలేదు. మన నగరమునకు తూర్పున దిల్‌సుఖ్‌నగరునుండి ఎల్.బి.నగరువరకుగల నాలుగైదు కిలోమీటర్ల త్రోవను కన్నులు తెఱచి నడచిన చాలును.

ఈ త్రోవ సామాన్యమైనది కాదు. గోలకొండ రాజ్యకాలమున వజ్రములును, బట్టలును బందరు రేవునకు తరలిపోయిన బాట యీ దెసనే సాగినది. పదునేడవ శతాబ్దమున గోలకొండకు పలుమారులు వచ్చిన టావెర్నియే అను ఫ్రెంచి రత్నవర్తకుడు బందరుమార్గమునందలి మజిలీలలో హయాత్‌నగరమును పేర్కొనియున్నాడు. ఆ యూరి మసీదు చుట్టును బాటసారులకై కట్టిన సరాయి గదులు నేటికిని నిలిచియున్నవి. డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును బందరున దిగి వర్తకశాలలు నెలకొల్పుకొన్నది ఈ సీమ సరకులకొఱకే. నేటి 65వ నంబరు జాతీయరహదారి పుణెయందు బయలుదేరి, దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి.నగరుల మీదుగ సాగి, ఆ బందరుననే ముగియుచున్నది.

ఆ కాలమున సరకును వార్తయు కలసి పయనించెడివి. ఓడ వచ్చినగాని పరదేశపు ధర యిచ్చటివారికి తెలియదు. ఓడ చేరినగాని యిచ్చటి పంట యెట్లున్నదో అచ్చటివారికి తెలియదు. ఇరువురి అజ్ఞానమును సమానమే. తరువాత 1870లో బొంబాయినుండి సూయెజు మీదుగ ఇంగ్లండునకు సముద్రగర్భమున తంతి పఱచిరి. వారములు పట్టెడి వార్త గంటలలో చేరసాగెను. లివర్‌పూలునందు ప్రత్తిధర యెక్కినను తగ్గినను ఆ వార్త బొంబాయి కోఠీలకు వెంటనే అందుచుండెను. తంతి ఇరువైపులకును వార్తను సమానముగనే మోయును. కాని తంతికచేరీ యొకరిది, బాంకు వారిదే, ఓడ వారిదే, భీమా వారిదే. ప్రత్తి పండించిన రైతు చెవికి వార్త చేరునప్పటికి బేరము ముగిసియుండెడిది. తంతి దూరమును చంపినది గాని పెత్తనమును చంపలేదు. ఈ యొక్క సంగతిని జ్ఞప్తియందుంచుకొని నేటి వర్తకమును పరిశీలింతము.

నేటి వర్తకమున వింత యేమనగా సరకే లేకుండ ఎగుమతి జరుగుచున్నది. 1998 నవంబరులో మాదాపూరునందు సైబర్ టవర్స్ భవనమునకు ప్రారంభోత్సవము జరిగినది మొదలు నగరపు పడమటిదెస లెక్కలు వ్రాయు పనియు, సాఫ్ట్‌వేరు కూర్చు పనియు పరదేశములకై సాగుచున్నవి. ఓడ లేదు, రేవు లేదు, సుంకపుచావడి లేదు. రాత్రి యిచ్చట ముగించిన పని తెల్లవారునప్పటికి అట్లాంటిక్కు కావలితీరమున నుండును. తెలంగాణమునుండి ఇట్టి ఎగుమతుల విలువ 2013-14లో 57 వేల కోట్ల రూపాయలకు పైబడి యుండగా, 2023-24 నాటికి 2 లక్షల 68 వేల కోట్లకు చేరినది. తొమ్మిదిలక్షలకు మించిన జనులకు ఈ పనియే జీవనాధారము. దేశమంతటిని చూచినచో 2024-25లో వస్తువుల ఎగుమతి సుమారు 43,700 కోట్ల డాలర్లు కాగా, సేవల ఎగుమతి సుమారు 38,700 కోట్ల డాలర్లు. కన్నుల కగుపడని సరకు కన్నుల కగుపడు సరకుతో నించుమించు సమానమగుచున్నది. ఇది చరిత్రలో మన దేశ మెఱుగని స్థితి.

ఈ మహావర్తకమునందు తూర్పు హైదరాబాదు వంతు ఏమి? నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము సీమలనుండి బస్సెక్కిన పిల్లవాడు బందరు బాటవెంటనే వచ్చి ఎల్.బి.నగరుననో దిల్‌సుఖ్‌నగరుననో దిగును. ఇరుకు హాస్టలు గదిలో మంచము నద్దెకు దీసికొనును. తండ్రి అప్పుచేసి పంపిన రూకలతో మూడుమాసములు కంప్యూటరు విద్య నేర్చును. ఉద్యోగము దొరకిన పిమ్మట ప్రతిదినమును మెట్రోబండి యెక్కి అమీర్‌పేటయందు మఱియొక బండిలోనికి మాఱి పడమటికి బోవును. అమీర్‌పేటనుండి ఎల్.బి.నగరునకు ఈ మార్గము 2018 సెప్టెంబరులో తెఱువబడినది. పడమట పని, తూర్పున పడక. ఉదయము తూర్పునుండి పడమటికిని, రాత్రి పడమటినుండి తూర్పునకును సాగు ఆ జనప్రవాహమును చూచినవారికి మన ఎగుమతి యేమిటో వేఱుగ చెప్పనక్కరలేదు.

ఈ జీతమును తేలికచేసి మాటాడుట మా యుద్దేశము కాదు. ఎకరము మెట్టభూమి తప్ప మఱేమియు లేని యిండ్లలో ఈ జీతముచే అప్పులు తీఱినవి, అక్కచెల్లెండ్ర పెండ్లిండ్లు జరిగినవి, ముసలివారికి మందులు దొరకినవి. ఆడుపిల్లలు తమ సంపాదనతో తలయెత్తుకొని తిరుగుచున్నారు. దీనిని మెచ్చనివాడు దేశమును ఎఱుగనివాడు. కాని యొక ప్రశ్న వేసికొనక తప్పదు. మన మమ్ముచున్నది వస్త్రమా, ప్రత్తియా? ప్రత్తిని పంపి బట్టను కొనుట యెంత నష్టమో స్వదేశోద్యమకాలమున ఈ దేశము నేర్చుకొన్నది. నేడు మనము పంపుచున్నదానిలో హెచ్చుభాగము మన పిల్లల పనిగంటలు. ఆ గంటలతో తయారైన వస్తువునకు పేరు పరదేశపుది, హక్కు పరదేశపుది. దానినే మరల మనము రుసుము చెల్లించి వాడుకొనుచున్నాము. బుద్ధిని ముడిసరకుగ నమ్ముకొనుట ప్రత్తిని ముడిసరకుగ నమ్ముకొనుటకంటె మేలని యెవరనగలరు?

ముడిసరకు నమ్మువానికి ధరపై అధికార ముండదు. 1995లో అమలునకు వచ్చిన సేవావర్తకపు ఒడంబడిక నాలుగు ద్వారములను చెప్పుచున్నది: పని సరిహద్దు దాటుట, కొనుగోలుదారుడే అమ్మువాని దేశమునకు వచ్చుట, సంస్థ పరదేశమున శాఖ తెఱచుట, మనుష్యుడే పోయి పనిచేయుట. వీనిలో నాలుగవ ద్వారము తలుపు ఎల్లప్పుడును పరులచేతనే యున్నది. 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు హెచ్-1బి అనుమతి క్రొత్తగ కోరు దరఖాస్తునకు లక్షడాలర్ల రుసుమును విధించుచు ప్రకటన చేసెను. ఒక్క సంతకముతో దిల్‌సుఖ్‌నగరు హాస్టళ్లలో నెందరి నిద్ర చెదరెనో ఆ వారము ఆ వీథులలో తిరిగినవా రెఱుగుదురు. మొదటి ద్వారమునందును భయము లేకపోలేదు. చిన్నచిన్న సాఫ్ట్‌వేరు పనులను ఇప్పుడు కృత్రిమమేధ నిమిషములలో చేసిపెట్టుచున్నది. మూడుమాసములలో నేర్పెడి విద్య ఏ పనికొఱకు నేర్పబడుచున్నదో, ఆ పనియే యంత్రము చేతికి బోవుచుండగా, అప్పుచేసి రుసుము కట్టిన తండ్రికి జవాబు చెప్పువారెవరు?

తూర్పు హైదరాబాదు ఎల్లప్పుడును జీతగాండ్ర పడకటిల్లే కాదని పాఠకులు మఱువరాదు. 1967లో అణుశక్తిశాఖ క్రింద నెలకొల్పబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను ఈ దెసనే కుషాయిగూడయందున్నది. టీడీసీ-12 అను స్వదేశీ కంప్యూటరును తయారుచేసి యిచ్చిన సంస్థ అది. ఆ సంస్థపేరనే అచ్చటి చౌరాస్తాను నేటికిని జనులు పిలుచుచున్నారు. కంప్యూటరును చేయగలిగిన నగరము, ఇతరులు చేసిన కంప్యూటరు ముందు కూర్చుండి పనిచేయుటకే ఏల పరిమితమయ్యెను? కారణములు పెక్కు. వానిలో నొకటి ఒడంబడికలకు సంబంధించినది. 1996లో సింగపూరున కుదిరిన సమాచారసాంకేతిక ఒప్పందమున మన దేశము మఱుసటియేడు చేరి, ఆ సామగ్రిపై సుంకములను 2005 నాటికి తొలగించెను. దానివలన యంత్రములు చౌకయై సాఫ్ట్‌వేరునకు మేలు జరిగినమాట నిజము. కాని యంత్రములు చేయు మన కర్మాగారములు నిలదొక్కుకొనకముందే పోటీలోనికి త్రోయబడినవి. 2006లో నగరపు దక్షిణపుదెస చిప్పుల కర్మాగారమునకై ఫ్యాబ్ సిటీ ప్రకటింపబడెను. అనుకొన్న చిప్పులు మాత్రము రాలేదు. ఒక చేయి బలిసి రెండవ చేయి సన్నగిల్లిన దేహమును ఆరోగ్యవంతమని యెట్లనగలము?

ఇక బజారులోనికి పోదము. దిల్‌సుఖ్‌నగరు చీరల దుకాణమునందు అమ్మువాడు సెల్‌ఫోనును ఎదుట నిలిపి చీరను విప్పి చూపుచుండును. డల్లాసునందో న్యూజెర్సీయందో కూర్చున్న తెలుగు గృహిణి రంగు చూచి, అంచు చూచి, బేరమాడి, సొమ్ము పంపుచుండును. మధ్యవర్తి లేడు, దళారి లేడు. చిన్నవర్తకుని నిజముగ విదేశవర్తకుని జేసినది ఈ సాధనమే. అయినను ఆర్డరు క్షణములో వచ్చును గాని చీర క్షణములో పోదు. 800 డాలర్లకు మించని పార్సిళ్లకు అమెరికా సుంకము విధించెడిది కాదు. 2025 ఆగస్టు 29 నుండి ఆ మినహాయింపు రద్దయ్యెను. సుంకము ఎవరు వసూలు చేయవలెనో తేలక మన తపాలాశాఖ ఆగస్టు 25నుండియే ఆ దేశమునకు పార్సిళ్లను నిలిపివేసి, అక్టోబరు 15న గాని మరల ప్రారంభింపలేదు. బతుకమ్మయు దసరాయు ఆ నడుమనే గడచిపోయినవి. కొరియరు కిరాయి భరింపగల వారికి త్రోవ మిగిలినది, చిన్నవానికి మూసికొన్నది. సెల్‌ఫోనులో బొమ్మ యెప్పటివలెనే స్పష్టముగ నగుపడుచునే యుండెను.

న్యాయవాదవృత్తిలోనుండు మాకు మఱియొక చిక్కు తఱచుగ నెదురగుచున్నది. ఇటీవల నొక చిన్నవర్తకుడు ఎల్.బి.నగరునందలి జిల్లాన్యాయస్థానముల ఆవరణమున మమ్ము కలిసికొనెను. ఇంటర్నెట్టునందలి యొక విదేశీ అంగడిద్వారా అతడు సరకు నమ్ముచుండెను. ఒకనాటి ఉదయము అతని ఖాతా మూతపడెను. రావలసిన సొమ్ము నిలిచిపోయెను. కారణ మడిగిన జవాబు లేదు. ఒప్పందపు ప్రతిని తెప్పించి చదివితిమి. తగవు వచ్చినచో పరదేశపు నగరమున, పరదేశపు శాసనము ననుసరించి, మధ్యవర్తులయెదుట తేల్చుకొనవలయునని అందున్నది. “ఇది మీరు చదివితిరా?” యని యడిగితిమి. “చదువుటకు వీలెక్కడిది? ఒప్పుకొంటిని అను మీటను నొక్కినగాని ముందునకు పోనీయదు గదా” యని యతడు బదులుచెప్పెను. అతని మాట నిజమే. కాని 2000 సంవత్సరపు సమాచారసాంకేతిక శాసనమును, 2008లో దానికి చేసిన సవరణయు అట్టి మీటనొక్కుడును ఒప్పందముగనే పరిగణించుచున్నవి. అతనికి రావలసిన సొమ్మున కెన్నోరెట్లు వ్యయము చేసినగాని ఆ పరనగరమున వాదము నడువదు. అంతట నతడు కాగితములను మడచుకొని లేచిపోయెను. హక్కు గలదు, పరిహారము లేదు. ఇట్టివా రొక్కరిద్దరు కారు.

బాటవెంట నింకను తూర్పునకు సాగుదము. కొత్తపేటయందలి గడ్డిఅన్నారము పండ్లబజారు దశాబ్దములపాటు మామిడికాలమున లారీలతో క్రిక్కిఱిసియుండెడిది. 2021-22లో అది హయాత్‌నగరమునకు ఆవలనున్న బాటసింగారమునకు, అనగా బందరు బాటమీదికే, తరలిపోయెను. మామిడిపండు పరదేశమునకు బోవలెనన్న నేడు పండు తీయనగుట యొక్కటియే చాలదు. పత్రమును నిర్దుష్టముగ నుండవలెను. తోట యేది, మందు చల్లినదెప్పుడు, సరకును సిద్ధపఱచినదెచ్చట అను వివరములన్నియు కంప్యూటరున నెక్కవలెను. మామిడితోటల నమోదుకై కేంద్రప్రభుత్వపు ఎగుమతిసంస్థ మ్యాంగోనెట్ అను నేర్పాటును నడుపుచున్నది. పండ్లలో ఈగపురుగు గలదని ఐరోపా సమాఖ్య 2014 మేనెలలో మన మామిడిని నిషేధించి 2015 జనవరిలో గాని ఆ నిషేధమును తొలగింపలేదు. 2025 మేనెలలో మఱియొక విచిత్రము జరిగెను. బొంబాయి ప్రాంతమున కిరణశుద్ధి చేయించి విమానములలో పంపిన పండ్లను, పత్రములలో తప్పులున్నవని అమెరికా అధికారులు లాస్ ఏంజెలెస్, శాన్‌ఫ్రాన్సిస్కో, అట్లాంటా విమానాశ్రయములలో నిలిపివేసిరి. సుమారు పదునైదు పంపకములు అచ్చటనే నాశనమైనవి. ఎగుమతిదారులు తమ నష్టమును సుమారు 5 లక్షల డాలర్లుగ లెక్కవేసిరి. పండునందు దోషము లేదు, దోషము కాగితమునందు! నేటి వర్తకమున సమాచారము సరకు వెంట బోవు సేవకుడు కాదు. సరకును లోనికి రానిచ్చు ద్వారపాలకుడు.

బాట విడిచి యెడమకు మఱలిన పోచంపల్లి. అచ్చటి మగ్గముపై నేసిన ఇక్కతుకు భౌగోళికచిహ్నపు రక్షణ కలదు. కాని దారమును కట్టి, రంగులో ముంచి, నెలలతరబడి ఇంటిల్లిపాది శ్రమించి తీర్చిన వన్నె సెల్‌ఫోనున కెక్కిన క్షణముననే దేశాంతరగతమగును. ఆ వన్నెను చూచి మరయంత్రముపై అచ్చుగుడ్డ దీయుట మఱునాటి పని. చీరకంటె ముందు చీర బొమ్మ ఎగుమతి యగుచున్నది. బొమ్మకు మాత్రము ధర లేదు. శాసనము పుస్తకమున నున్నది; దానిని పట్టుకొని పరదేశపు అంగడిపై వ్యాజ్యము వేయగల స్థోమత నేతవానికి లేదు.

ఈ సంగతులన్నిటికిని మూలమైన వివాద మొకటి అంతర్జాతీయసభలలో నడచుచున్నది. తంతిద్వారా దేశమునుండి దేశమునకు బోవు సాఫ్ట్‌వేరు, సినిమా, పుస్తకము మొదలగువానిపై సుంకము విధింపరాదని 1998లో ప్రపంచవాణిజ్యసంస్థ సభ్యదేశములు తాత్కాలికముగ నిశ్చయించుకొనెను. అది మరల మరల పొడిగింపబడుచు వచ్చినది. 2024లో అబూధాబి సభయందు మన దేశ మభ్యంతరము చెప్పినను, తరువాతి సభవఱకో 2026 మార్చి 31 వఱకో పొడిగించిరి. సుంకము వేసినచో మన సాఫ్ట్‌వేరుపై నితరులును వేయుదురని యొకపక్షము వాదించుచున్నది. పుస్తకమును, గీతమును, యంత్రపు నమూనాయు తంతిపైకి ఎక్కినకొలది మన బొక్కసమునకు రాబడి పోవుచున్నదని రెండవపక్షము చెప్పుచున్నది. రెండింటను న్యాయమున్నది. నేడు సుంకము వేయుట మేలా కాదా అను ప్రశ్న వేఱు. వేయుటకుగల అధికారమును శాశ్వతముగ వదలుకొనుట వేఱు. ఈ రెండవదానికి మన ప్రభుత్వ మొప్పుకొనరాదని మా యభిప్రాయము. 1997లో త్వరపడి చేసిన సంతకపు ఫలమును ఇదివఱకే యనుభవించితిమి.

అట్లయిన తంతిని తెంచుకొందమా యని యెవరైన నడుగవచ్చును. అంతటి అవివేకము మఱొకటి లేదు. తలుపు మూసికొనిన చీరలవర్తకునికి డల్లాసు పోవును, పిల్లవానికి జీతము పోవును, పెత్తనము మాత్రము ఎక్కడనున్నది అక్కడనే యుండును. చేయవలసినది తంతికి రెండవకొనను మనము గట్టిగ పట్టుకొనుట. దానికి కావలసినవి మూడు: విద్య, పేరు, శాసనజ్ఞానము.

మొదటిది. దిల్‌సుఖ్‌నగరు శిక్షణాలయములు యంత్రభాషలను నేర్పుచున్నవి గాని వర్తకమును నేర్పుట లేదు. తాను వ్రాసినదానిపై హక్కెవరిది, దానిని తనపేర నమ్ముటెట్లు, ఇన్వాయిసు వ్రాయుటెట్లు, విదేశద్రవ్యమును బాంకులో చేర్చుటెట్లు అను సంగతులు పదిదినములలో నేర్పవచ్చును. కోరి రుసుము చెల్లించు విద్యార్థులు వీనిని అడిగి నేర్పించుకొనవలయును.

రెండవది. విడివిడిగ నమ్ముకొను వర్తకులు పరుల అంగడికి లోబడక తప్పదు. చీరలవర్తకులును, పోచంపల్లి సహకారసంఘమును, పండ్లరైతులును కలసి తమ పేరుతో తమ అంగడి పెట్టుకొన్నచో బేరమాడు బలము కలుగును. ఎగుమతి–దిగుమతి కోడునకు 500 రూపాయల రుసుము చాలును, ఇంటనుండియే పొందవచ్చును. 2022నుండి తపాలాశాఖ తెఱచిన డాక్‌ఘర్ నిర్యాత్ కేంద్రములలో ఎగుమతిపత్రములను దాఖలుచేయు వీలు కలదు. ఈ సదుపాయముల నెఱిగినవారు బజారున నెందరున్నారో పాఠకులే విచారించి చూడవలయును.

మూడవది మా వృత్తివారి పని. జిల్లాన్యాయస్థానములు ఎల్.బి.నగరుననే యున్నవి. యువన్యాయవాదులు పదుగురు పూనుకొని వారమునకొక సాయంకాలము ఏ పఠనాలయముననో కూర్చుండి, వర్తకుడు తెచ్చిన ఒప్పందమును తెలుగున చదివి చెప్పినచో, “ఒప్పుకొంటిని” అను మీట నొక్కుటకు ముందే అతనికి కన్నులు తెఱువబడును. నాడు పఠనాలయములలో పత్రిక బిగ్గఱగ చదివి పదిమందికి వినిపించెడివారు. నేడు ఒప్పందమును చదివి వినిపింపవలసి వచ్చినది. సేవ యొక్కటే. ఈ పనికి మేము సిద్ధముగ నున్నాము. మాతో చేయి కలుపువారిని ఆహ్వానించుచున్నాము.

ప్రభుత్వమునకును కర్తవ్యము కలదు. నగరమున నన్నిదెసలను ఐ.టి. సంస్థలు వ్యాపింపవలెనని 2020లో నొక విధానము ప్రకటించిరి. 2023 అక్టోబరులో మలక్‌పేటయందు ఐ.టి. భవనమునకు శంకుస్థాపన చేసిరి. శంకుస్థాపనమే భవనము కాదు; భవనమే పరిశ్రమయు కాదు. జీతపుపని మాత్రమే తూర్పునకు వచ్చినచో మెట్రోబండిలో రద్దీ తగ్గును గాని, ముడిసరకు వర్తకము ముడిసరకు వర్తకముగనే యుండును. స్వంతపేరుతో వస్తువును చేయుటకు సాహసించు చిన్నసంస్థలకు తక్కువ అద్దెకు చోటును, తెలుగున ఎగుమతిపత్రములును, ప్రభుత్వపు కొనుగోళ్లలో వంతును కల్పింపవలయును.

బందరునందు క్రొత్తరేవు పనులు 2023లో మొదలైనవి. నాడు ఈ బాటవెంట బోయిన బట్టలు పరుల ఓడలలో నెక్కి పరుల పేరుతో నమ్ముడుపోయినవి. లాభమును వారు గొనిపోయిరి, చివరకు రాజ్యమును గొనిపోయిరి. ఇప్పుడు ఓడకంటె వేగమైన సాధనము దిల్‌సుఖ్‌నగరు హాస్టలు గదిలో నున్న పిల్లవాని చేతియందే యున్నది. అతడు దానితో జీతమునే వెదకునా, వర్తకమును నేర్చునా అనుట యతని యొక్కని విషయము కాదు. అతనికి నేర్పువారమును, త్రోవ చూపువారమును మనమే. ఆ ఋణమును మనము తీర్చుకొనవలయును.